ఎలక ఒంట్లో వైరస్‌ని వెలుగుతో వెతకడం: మా ఊళ్లో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పర్లాకిమిడి. గజపతి జిల్లా, ఒడిశా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో రెండూనూ. నేను కొన్నేళ్లుగా ఓ పరిశోధనశాలలో, ఎలకల మీద వైరస్ ప్రయోగాలు చేసే బృందంలో పనిచేస్తున్నాను. సంక్రాంతికి ఇంటికొస్తే చాలు, వరండాలో కూర్చోబెట్టి అవే ప్రశ్నలు. బరంపురంలో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్తే మళ్లీ అవే. రాయగడలో పెళ్లికి వెళ్తే బంతిలో పప్పు వడ్డిస్తుండగా కూడా ఎలకల సంగతే అడిగారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను, ఇకమీదట లింక్ పంపిస్తా. గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరు మాది, ఇక్కడి మనిషి పుస్తకాల భాషలో రాస్తే బాగోదు, మాట్లాడినట్టే రాస్తాను.

ఒక్క ముక్కలో చెప్పు, నువ్వు చేసే పనేంటి?

వైరస్‌కి దీపం తగిలించి ఎలకకి ఎక్కిస్తాం. ఎలక బతికుండగానే, మత్తిచ్చి, చీకటి పెట్టెలో పడుకోబెట్టి, చాలా సున్నితమైన కెమెరాతో ఫొటో తీస్తాం. ఒంట్లో వైరస్ ఎక్కడ పెరుగుతుంటే అక్కడి నుంచి వెలుగొస్తుంది. మర్నాడు మళ్లీ అదే ఎలక, మళ్లీ ఫొటో. దీన్ని బయోలుమినిసెన్స్ ఇమేజింగ్ అంటారు. తెలుగులో జీవకాంతి చిత్రణ అనొచ్చు గానీ ల్యాబ్‌లో "ఇవాళ ఇమేజింగ్ ఉంది" అంటాం, అంతే.

ఏటే, ఎలక చీకట్లో మెరుస్తాదా?

ఇది మా అమ్మమ్మ ప్రశ్న, ప్రతి ఏడూ అడుగుతుంది. మెరవదు అమ్మమ్మా. నువ్వు ఆ గదిలో లైట్లన్నీ ఆపేసి గంటసేపు కూర్చున్నా నీ కంటికి ఏమీ ఆనదు. కోట్లకొద్దీ కణాల్లోంచి చర్మం దాటి బయటపడేది అతి కొద్ది వెలుగు. దాన్ని పట్టుకోవడానికి కెమెరాలోని సీసీడీ చిప్‌ని మైనస్ 90 డిగ్రీల దాకా చల్లబరుస్తారు, లేకపోతే చిప్ సొంత వేడి వల్ల పుట్టే గోలలో అసలు సిగ్నల్ కలిసిపోతుంది. పెట్టె తలుపు సందులోంచి గదిలో ట్యూబ్‌లైట్ వెలుగు పిసరంత దూరినా ఆ ఫొటో చెత్తబుట్టకే.

మరి ఆ వెలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మిణుగురు నుంచి. మన ఒడియా వాళ్లు జుళుజుళియా పోక అంటారే, అదే. దాని పొట్ట చివర వెలిగేది నిప్పు కాదు, ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది. అక్కడ లూసిఫెరిన్ అనే పదార్థం ఉంటుంది, దాన్ని వెలిగించే లూసిఫెరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. లూసిఫెరిన్‌ని నూనె అనుకోండి, లూసిఫెరేజ్‌ని వత్తి అనుకోండి. వీటికి ఆక్సిజన్ కావాలి, కాస్త మెగ్నీషియం కావాలి, కణం రోజువారీ పనులకి ఖర్చు పెట్టుకునే ఏటీపీ కూడా కావాలి. అన్నీ కలిస్తే వెలుగు.

ఇది తెలిసిన తీరు నాకు భలే ఇష్టం. 1880ల్లో ఫ్రాన్స్‌లో రఫాయెల్ దుబువా అనే ఆయన మెరిసే పురుగునీ, మెరిసే సముద్రపు ఆల్చిప్పనీ తీసుకుని ఒక కషాయం చన్నీళ్లలో, ఇంకో కషాయం వేణ్ణీళ్లలో తీశాడు. చన్నీళ్లది కాసేపు వెలిగి ఆరిపోయింది, వేణ్ణీళ్లది వెలగనేలేదు. ఆరిపోయినదాంట్లో వెలగనిది పోస్తే మళ్లీ వెలిగింది! అంటే రెండు పదార్థాలున్నాయి, ఒకటి వేడికి చెడిపోయేది, ఇంకోటి చెడనిది. వంటింట్లో కూడా చేయదగ్గ ప్రయోగం అది. తర్వాత 1947లో విలియం మెక్‌ఎల్‌రాయ్ అనే అమెరికా శాస్త్రవేత్త దీనికి ఏటీపీ కావాలని కనిపెట్టాడు. ఆయన బాల్టిమోర్‌లో పిల్లలకి నూరు మిణుగురులకి పాతిక సెంట్లు చొప్పున ఇచ్చి పట్టించుకునేవాడు. 1985లో ఆ ఎంజైమ్ జీన్‌ని విడదీశారు, మరుసటేడాది దాన్ని పొగాకు మొక్కలో పెట్టి మొక్కనే వెలిగించారు. 1995లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ కాంటాగ్, ఆయన తోటివాళ్లు వెలిగే సాల్మొనెల్లా బాక్టీరియాని ఎలకకి ఎక్కించి, ఎలక బతికుండగానే బయటినుంచి ఆ వెలుగు చూశారు. అక్కడి నుంచి మొదలైంది మా పని.

వైరస్‌కి దీపం ఎలా తగిలిస్తారు? అదేమైనా సైకిలా?

పెదనాన్నా, నవ్వకండి, ప్రశ్న మంచిదే. వైరస్ జీనోమ్ అంటే దాని జీన్లన్నీ కలిసిన అక్షరాల పొడుగాటి వరస. అందులో లూసిఫెరేజ్‌ని తయారుచేసే జీన్‌ని అతికిస్తాం. ఆ వైరస్ ఎలక కణంలోకి దూరి తన సరుకు తయారుచేసుకునేటప్పుడు దాంతోపాటే లూసిఫెరేజ్ కూడా తయారవుతుంది. లూసిఫెరిన్ మాత్రం మేం బయటినుంచి ఇంజెక్షన్ ఇస్తాం. కాబట్టి వెలిగేది వైరస్ కాదు, వైరస్ దూరి పనిచేస్తున్న కణం. నేను పనిలో చేరిన కొత్తలో నాకు కూడా ఈ తేడా సరిగ్గా బుర్రకెక్కలేదు, దాని పర్యవసానం కింద చెప్తాను.

చిక్కల్లా బరువు దగ్గర. మిణుగురు లూసిఫెరేజ్ జీన్ దాదాపు 1,650 అక్షరాలు. హెర్పిస్ వైరస్ జీనోమ్ లక్షా యాభై వేల పైచిలుకు, అది లారీ లాంటిది, ఇంకో మూట వేస్తే దానికి తెలియను కూడా తెలియదు. ఫ్లూ వైరస్ మొత్తం కలిపి పదమూడున్నర వేలు, అదీ ఎనిమిది ముక్కలుగా. గుణుపూర్ వెళ్లే షేర్ ఆటోని తలుచుకోండి, అప్పటికే డ్రైవర్ సీట్లో ముగ్గురు, దానికి వెనకాల బియ్యం బస్తా కట్టినట్టు. నడుస్తుంది గానీ ఈడుస్తూ నడుస్తుంది, సందు దొరికితే దార్లో బస్తా పడేసుకుని తేలికపడి పోతుంది. నిజంగానే అంతే, ఫ్లూ లాంటి ఆర్ఎన్ఏ వైరస్‌లు కొన్ని తరాలు గడిచేసరికి అతికించిన జీన్‌ని వదిలించుకుంటాయి, ఆ తర్వాత అవి పెరుగుతూనే ఉంటాయి గానీ వెలగవు.

అందుకే చిన్న దీపం కోసం వెతికారు. 2012లో లోతైన సముద్రపు రొయ్య ఒకదాని ఎంజైమ్‌ని మార్చి మార్చి నానోలూక్ అనేదాన్ని తయారుచేశారు. దాని జీన్ 513 అక్షరాలే, వెలుగు మిణుగురు దానికంటే నూట యాభై రెట్లు ఎక్కువని చేసినవాళ్లు లెక్క చెప్పారు. దాని నూనె కూడా వేరే, పేరు ఫ్యూరిమజీన్. ఏటీపీ అక్కర్లేదు. అయితే దాని వెలుగు నీలం, అక్కడుంది తిరకాసు.

నీలం అయితే ఏమైంది?

ఇప్పుడే ఫోన్ టార్చ్ వేసి వేలు దాని మీద గట్టిగా ఆనించి చూడండి. వేలు ఎర్రగా కనిపిస్తుంది కదా. టార్చ్ తెల్లగా ఉంది, అందులో నీలం, పచ్చ అన్నీ ఉన్నాయి, కానీ వాటిని నెత్తురులోని హిమోగ్లోబిన్ మింగేసింది, ఎరుపు మాత్రం దాటొచ్చింది. ఎలక ఒంట్లోనూ అదే జరుగుతుంది. వెలుగు రంగుని దాని అల పొడవుతో, నానోమీటర్లలో చెప్తారు, నీలానికి తక్కువ, ఎరుపుకి ఎక్కువ. 600 నానోమీటర్ల లోపు వెలుగులో చాలా భాగం లోపలే ఆగిపోతుంది. నానోలూక్ వెలుగు 460 దగ్గర ఉంటుంది, చర్మం కిందో ముక్కులోనో అయితే బాగానే కనిపిస్తుంది, లోతుగా ఉంటే కష్టం.

మిణుగురు ఎంజైమ్‌కి ఇక్కడ ఒక అదృష్టం కలిసొచ్చింది. బయట పసుపుపచ్చగా, 560 దగ్గర వెలిగేది, 37 డిగ్రీల ఒంటి వేడిలో ఎరుపు వైపు జరిగి 612 చుట్టుపక్కలకి వస్తుంది. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఇంత కలిసొచ్చినా సెంటీమీటరు లోతుకి వెలుగు సుమారు పదోవంతుకి పడిపోతుందని మేం కాకిలెక్క వేసుకుంటాం. ఎలక చిన్నది కాబట్టి సరిపోయింది.

ఆ ఫొటోల్లో ఎరుపు, పసుపు, నీలం రంగులుంటాయే, అవి వైరస్ రంగులా?

కాదు! కెమెరా ముందు ఎలకని మామూలు నలుపు తెలుపు ఫొటో తీస్తుంది, తర్వాత చీకట్లో వెలుగు లెక్కపెడుతుంది, ఆ లెక్కని సాఫ్ట్‌వేర్ రంగులుగా మార్చి మొదటి ఫొటో మీద పరుస్తుంది. ఎరుపు అంటే ఎక్కువ, నీలం అంటే తక్కువ. వాతావరణ వార్తల్లో ఎండ తీవ్రతకి మ్యాప్ మీద రంగులేసినట్టే.

ఇక్కడ మోసపోయే వీలు చాలా ఉంది, కొంచెం కటువుగానే చెప్తున్నాను. ఏ రంగుకి ఎంత వెలుగో చెప్పే స్కేల్ పట్టీ పక్కన ఉంటుంది, దాన్ని జరిపితే ఒకే ఎలక ఒళ్లంతా ఎర్రగా మండిపోతున్నట్టూ చూపించొచ్చు, ఓ చుక్క తప్ప ఏమీ లేనట్టూ చూపించొచ్చు. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి "మందు వేసినది, వేయనిది" అని ఎవరైనా చూపిస్తే ముందు ఆ రెండింటి స్కేలూ ఒకటేనా అని చూడండి. వాట్సాప్‌లో తిరిగే బొమ్మల్లో ఆ పట్టీని కత్తిరించేసి ఉంటారు, అప్పుడు ఆ బొమ్మకి విలువ లేదు. అసలు లెక్క రంగులో ఉండదు, సెకనుకి ఎన్ని ఫోటాన్లు (వెలుగు రేణువులు) అన్న అంకెలో ఉంటుంది.

ఇమేజింగ్ రోజు ఎలా ఉంటుంది?

లూసిఫెరిన్ లేత పసుపు పొడి. ఉప్పునీటి ద్రావణంలో కలిపి, వడగట్టి, వెలుగు తగలకుండా అల్యూమినియం రేకు చుట్టి పెడతాం. ఎలకని ముందు తూస్తాం. కిలోకి 150 మిల్లీగ్రాములు మోతాదు, అంటే ఇరవై గ్రాముల ఎలకకి మూడు మిల్లీగ్రాములు. ఎడమ చేత్తో మెడ వెనక చర్మం బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి, తోకని చిటికెన వేలుతో నొక్కిపెట్టి, ఎలకని కొంచెం తల కిందికి వంచితే పేగులు ఛాతీ వైపు జరుగుతాయి, అప్పుడు పొట్ట కింది భాగంలో పక్కగా సూది దింపాలి. మొదటి నెల్లో నా చేతులు వణికేవి. ఎలకకి అది తెలిసిపోతుంది, ఇంకా గింజుకుంటుంది, మనకి ఇంకా టెన్షన్.

సూది ఇచ్చాక ఐసోఫ్లూరేన్ మత్తు పెట్టెలో పెడతాం. మత్తెక్కాక కళ్లు ఎండిపోకుండా లేపనం రాసి, కెమెరా పెట్టెలో నల్ల కాగితం మీద వరసగా పడుకోబెడతాం, ఒక్కోదాని మూతికి మత్తుగాలి వచ్చే గొట్టం. మత్తులో ఒళ్లు చల్లబడిపోతుంది కాబట్టి కింద పలక వెచ్చగా ఉంచుతాం. నల్ల కాగితమే ఎందుకంటే తెల్ల కాగితం, కొన్ని రకాల టేపులూ గదిలో వెలుగుని దాచుకుని చీకట్లో కాసేపు వదులుతాయి, రేడియం స్టిక్కర్‌లాగా. సూది ఇచ్చిన పది పదిహేను నిమిషాలకి వెలుగు బాగా ఉంటుంది, ఆ సమయం అన్ని ఎలకలకీ ఒకేలా పాటించాలి. ఫొటోకి పట్టేది ఒక సెకను నుంచి ఐదు నిమిషాల దాకా. తీసి బోనులో పెట్టిన కాసేపటికే లేచి తిరుగుతుంటాయి, ఏమీ జరగనట్టు గింజలు కొరుక్కుంటాయి.

ఇన్నాళ్లూ కోసి చూసేవాళ్లుగా, దానికేమైంది?

కోసి చూస్తే ఆ క్షణం తెలుస్తుంది, కథ తెలియదు. ఆరు రోజుల పాటు వైరస్ ఎలా పాకుతుందో చూడాలంటే రోజుకి ఐదు చొప్పున ముప్పై ఎలకల్ని చంపాలి, మందు వేసిన గుంపుకి ఇంకో ముప్పై. పైగా సోమవారం కోసిన ఎలకా, గురువారం కోసిన ఎలకా వేరు వేరు ప్రాణులు. సోమవారం దాంట్లో ఊపిరితిత్తుల్లో ఉంది, గురువారం దాంట్లో మెదడులో ఉంది అంటే, వైరస్ కదిలిందా, లేక ఈ రెండో ఎలకకి మొదటి నుంచీ తేడాగానే వచ్చిందా? తెలియదు. ఇమేజింగ్‌లో గుంపుకి ఐదు, మొత్తం పది ఎలకలతో అదే ప్రశ్న అడగొచ్చు, పైగా ప్రతి ఎలకనీ దాని నిన్నటితోనే పోల్చొచ్చు.

అలాగని కోయడం పూర్తిగా పోలేదు, ఎవరైనా పోయిందని చెప్తే నమ్మకండి. చివరి రోజు కోసి, వెలిగిన చోటి నుంచీ వెలగని చోటి నుంచీ ముక్కలు తీసి, అందులో నిజంగా ఎంత వైరస్ ఉందో విడిగా లెక్కపెట్టాలి. వెలుగు చెప్పిందీ ఈ లెక్క చెప్పిందీ కలవకపోతే వెలుగుని పక్కన పెట్టాల్సిందే.

దీనివల్ల కొత్తగా తెలిసింది ఏమైనా ఉందా, లేక బొమ్మలేనా?

ఉంది. 2002లో గ్యారీ లూకర్ బృందం వెలిగే హెర్పిస్ వైరస్‌ని ఎలకల్లో చూసింది. వాలసైక్లోవిర్ మందు ఇచ్చిన ఎలకల్లో వెలుగు తగ్గడాన్ని బయటినుంచే కొలిచారు. వైరస్‌ల విషయంలో దారి వేసింది అదే అనొచ్చు. మరుసటేడు జాన్స్ హాప్కిన్స్‌లో డయాన్ గ్రిఫిన్ దగ్గర సింద్‌బిస్ అనే వైరస్ నాడీమండలంలో ఎలా నడుస్తుందో ఇలాగే చూశారు.

నాకు బాగా నచ్చింది మాత్రం సెండాయ్ వైరస్ పని, 2011లో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి వాళ్లు చేసింది. జలుబు, దగ్గు తెప్పించే పారాఇన్‌ఫ్లుయెంజా జాతిది అది. వాళ్లు చూసిందేమంటే ముక్కులో, శ్వాసనాళంలో పెరిగే వైరస్ ఒక ఎలక నుంచి ఇంకోదానికి అంటుకోవడానికి కారణమవుతుంది, ఊపిరితిత్తుల్లో పెరిగేది జబ్బుని ముదరబెడుతుంది. అంటే బాగా జబ్బుపడిన ఎలకే బాగా అంటిస్తుందని అనుకోవడానికి లేదు. మన ఇళ్లల్లో ముక్కు కారుతూ గెంతులేసే పిల్లాడే అందరికీ అంటిస్తాడు, మంచాన పడ్డ తాతగారు కాదు, అనిపించింది నాకు అది చదివాక (ఎలక సంగతిని నేరుగా మనుషులకి అంటగట్టకూడదు, అయినా అనిపించింది). 2015లో ఫ్లూ వైరస్ ఒక ఫెరెట్ నుంచి ఇంకో ఫెరెట్‌కి అంటుకోవడాన్ని కూడా ఇలాగే ఫొటో తీశారు. ఫెరెట్ అంటే ముంగిసని పోలిన జంతువు, ఫ్లూ పరిశోధనకి దాన్నే ఎక్కువగా నమ్ముతారు.

కోవిడ్ సమయంలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు నానోలూక్ తగిలించిన కరోనా వైరస్‌ని, మనిషి ఏసీఈ2 జీన్ (కరోనా కణంలోకి దూరే తలుపు అదే) ఉన్న ఎలకలకి ఎక్కించారు. ముక్కులో మొదలై ఊపిరితిత్తులకి, అక్కడి నుంచి మెదడుతో సహా మిగతా అవయవాలకి పాకడం ఫొటోల్లో దొరికింది. యాంటీబాడీ వైరస్‌ని పట్టుకుంటే చాలదు, దాని తోక భాగం రోగనిరోధక కణాల్ని పిలవగలగాలి, అప్పుడే జబ్బు మొదలయ్యాక ఇచ్చినా బాగా పనిచేస్తుందని కూడా ఆ పనిలోనే తేలింది. 2021లో అచ్చయింది. డెంగీలో కూడా ఇలాంటి పని జరిగింది. మామూలు ఎలకకి డెంగీ సరిగ్గా పట్టదు కాబట్టి ఇంటర్ఫెరాన్ (వైరస్ వచ్చిందని ఒంటిని హెచ్చరించే పదార్థం) పనిచేయని ఎలకల్ని వాడారు.

వెలుగు ఆగిపోతే వైరస్ పోయినట్టేనా?

నాకు చీవాట్లు తెచ్చిన ప్రశ్న ఇది.

ఒక మందుని పరీక్షిస్తున్నాం. నాలుగో రోజు, రెండో నంబరు ఎలక. నిన్నటి దాకా ఛాతీ మీద మెరిసింది ఇవాళ స్క్రీన్ మీద బూడిద రంగులో, ఒక్క చుక్క లేకుండా పడుకుని ఉంది. నేనూ నా తోటి అమ్మాయీ ఒకళ్ల చేతులు ఒకళ్లం పట్టుకుని గెంతాం, నిజంగా. మందు పనిచేసింది! మా మేడం వచ్చి ఫొటో చూసి, సంతోషించలేదు. "పక్కనున్న నాలుగింటికీ తగ్గింది, దీనికి ఆరిపోయింది. వైరస్ అలా స్విచ్ ఆపినట్టు పోదు. సూది ఎవరిచ్చారు?" అంది. నేనే. సాయంత్రం లూసిఫెరిన్ మళ్లీ ఇప్పించింది. పన్నెండో నిమిషానికి అదే ఛాతీ, అదే చోట, వెలుగు. పొద్దున్న నా సూది పేగులోకి పోయింది, లూసిఫెరిన్ నెత్తురుకి అందలేదు. వత్తి ఉంది, నూనె పోయలేదు, అంతే జరిగింది.

అందుకే ఆరిపోయిన వెలుగుకి కారణాలు చాలా ఉంటాయి. సూది తప్పి ఉండొచ్చు, వైరస్ బస్తా పడేసుకుని ఉండొచ్చు, లోతుగా దాక్కుని ఉండొచ్చు, హెర్పిస్ లాంటిది నరాల్లో నిద్రపోతూ ఏ జీన్‌నీ నడపకుండా ఉండొచ్చు. కణం చచ్చిపోతే ఏటీపీ ఉండదు, మిణుగురు దీపం అక్కడ వెలగదు, జబ్బు మాత్రం అక్కడే ముదిరి ఉంటుంది. కెమెరాకి అందనంత తక్కువ ఉన్నా సున్నాలాగే కనిపిస్తుంది. మిణుగురు లూసిఫెరేజ్ కణంలో కొన్ని గంటల్లోనే కరిగిపోతుంది కాబట్టి నిన్నటి వెలుగు ఇవాళ మిగిలిపోయి మోసం చేయడం తక్కువ, అదొక్కటే ఊరట.

ఎలకలు తెల్లవే ఎందుకు?

నల్ల బొచ్చు వెలుగుని మింగేస్తుంది. నల్ల ఎలకలే వాడాల్సి వస్తే గొరుగుతాం, గొరిగితే కోడిపిల్లలా ఉంటాయి పాపం.

జీఎఫ్‌పీ అని మా పుస్తకంలో ఉంది, అది వాడొచ్చుగా?

గుణుపూర్‌లో బీఎస్సీ చదివే మా తమ్ముడిది. జీఎఫ్‌పీ అంటే పచ్చగా మెరిసే ఒక ప్రోటీన్, అది తనంతట తాను వెలగదు, దాని మీద నీలం వెలుగు కొట్టాలి, అప్పుడు పచ్చగా తిరిగిస్తుంది. చర్మం, బొచ్చు, ఎలక తిన్న దాణాలోని ఆకు కూడా అలాగే తిరిగిస్తాయి కాబట్టి వెనక గోల ఎక్కువ. లూసిఫెరేజ్‌కి బయటి వెలుగు అక్కర్లేదు, ఎలక ఒంట్లో సొంతంగా అలా వెలిగేది దాదాపు ఏమీ లేదు, కాబట్టి ఆ చీకట్లో చిన్న చుక్క కూడా తెలుస్తుంది. కోసిన ముక్కని మైక్రోస్కోపు కింద ఒక్కో కణం చూడాలంటే మాత్రం జీఎఫ్‌పీయే నయం. పరీక్షలో ఇంత రాయకు, మార్కులు రెండే.

మల్కన్‌గిరిలో పిల్లలు పోయారు కదా, ఆ మెదడువాపుకి ఇది పనికొస్తుందా?

2016లో మల్కన్‌గిరిలో సుమారు వంద మంది పిల్లలు పోయారు. కోరాపుట్‌లో మా పిన్ని వాళ్లు ఆ రోజుల్లో పిల్లల్ని సాయంత్రం గడప దాటనివ్వలేదు. జపనీస్ మెదడువాపు వైరస్ పందుల్లో, కొంగల్లాంటి పక్షుల్లో పెరుగుతుంది, వరిమళ్ల నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ మోసుకొస్తుంది. దోమ కుట్టిన చోటి నుంచి మెదడుకి వైరస్ ఎప్పుడు, ఏ దారిన చేరుతుంది, ఆ లోపు మందు ఇస్తే ఆగుతుందా అన్న ప్రశ్నలకి ఈ పద్ధతి బాగా కుదురుతుంది, ఎందుకంటే ఎలక పుర్రె పల్చన, మెదడులోంచి వెలుగు బయటికి వస్తుంది.

కానీ ఆశ ఎక్కువ పెట్టుకోకండి. ఇది జబ్బు వచ్చిన పిల్లాడికి చేసే పరీక్ష కాదు, వైద్యమూ కాదు. పైగా ఆ మరణాలన్నీ వైరస్ వల్ల కాదని, బణ చకుండా గింజల విషం కూడా కారణమని వెళ్లి చూసిన నిపుణులు చెప్పారు (అది మన కసింద చెట్టే). విషానికి దీపం తగిలించలేం, ఎన్ని కెమెరాలు పెట్టినా మా పెట్టెలో అది కనిపించదు. టీకా వేయించడం, పందుల్ని ఇళ్లకి దూరంగా ఉంచడం, దోమతెరలు, ఇవే అప్పుడూ ఇప్పుడూ.

మా ఆవుకి ఒంటినిండా గడ్డలొచ్చాయి, మీ పెట్టెలో పెట్టి చూస్తారా?

కాశీనగర్ మావయ్య నిజంగానే అడిగాడు, వెటకారం కాదు. లంపీ స్కిన్ అనే ఈ గడ్డల జబ్బు మన దేశంలో మొదట బయటపడింది మన ఒడిశాలోనే, 2019లో, కాబట్టి ఇక్కడి వాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు.

లెక్క చూడు మావయ్యా. ఆవు మూడొందల కిలోలు అనుకుంటే ఎలక మోతాదు ప్రకారం లూసిఫెరిన్ 45 గ్రాములు కావాలి. గ్రాము వేలల్లో ఉంటుంది, ఒక్క ఫొటోకి ఇంకో ఆవు కొనొచ్చు. సెంటీమీటరుకి పదోవంతు అన్నాను కదా, ఐదు సెంటీమీటర్ల లోతులో ఉన్న వెలుగు బయటికొచ్చేసరికి లక్షో వంతు అవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, నీ ఆవుకి పట్టినది మామూలు వైరస్, దానికి దీపం లేదు. మేం తయారుచేసిన వైరస్‌ని మేం ఎక్కిస్తేనే వెలుగుతుంది. పశువుల డాక్టర్ని పిలిపించి, ఆవుని మందలోంచి వేరుగా కట్టేయి, ఈగలు, దోమలు వాలకుండా చూడు.

అయితే మనుషులకి కూడా చేయరా?

చేయరు. పైన చెప్పిన కారణాలే. మనుషులకి ఉపయోగం మందు, టీకా రూపంలో వస్తుంది.

ఎలకకి నొప్పి కాదా? పాపం కాదా?

సూదికి నొప్పి ఉంటుంది, ఫొటోకి ఉండదు, వైరస్ వల్ల వచ్చే జబ్బుకి ఉంటుంది. లేదని నేను అబద్ధం చెప్పను. మన దేశంలో 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం కింద దీనికో కమిటీ ఉంది, సీపీసీఎస్ఈఏ అనేవాళ్లు, ఇప్పుడు సీసీఎస్ఈఏ. ప్రతి సంస్థలోనూ లోపలి నైతిక కమిటీ ఉంటుంది, ఎన్ని ఎలకలు, ఎందుకన్ని, ఎప్పుడు ఆపేస్తారు అని రాసిచ్చి అనుమతి తెచ్చుకోవాలి. బరువు ఇంత శాతం తగ్గితే ఇక ప్రయోగం ఆపి నొప్పి లేకుండా ముగించాలి అని ముందే గీత గీసుకుంటాం. వెలుగు వల్ల ఒక మేలేమంటే, ఎలక ముడుచుకుని కూర్చునే దాకా ఆగకుండా, వైరస్ మెదడు వైపు పోతున్నట్టు ముందే తెలిస్తే ముందే ఆపేయొచ్చు.

మా అమ్మ మాత్రం వినాయక చవితి రోజు ల్యాబ్‌కి వెళ్లొద్దంటుంది, ఆయన వాహనం కదా అని. వెళ్లను. ఆ రోజు సెలవే.

మీరు తయారుచేసిన వైరస్ బయటికొస్తే?

భయం న్యాయమైనదే. జన్యువు మార్చిన ఏ సూక్ష్మజీవికైనా 1989 నియమాల ప్రకారం సంస్థలోని జీవభద్రతా కమిటీ అనుమతి ఉండాలి, ప్రమాదాన్ని బట్టి పైవాళ్లది కూడా. కరోనా లాంటివాటితో అయితే గాలి లోపలికే పోయి, వడగట్టాకే బయటికొచ్చే గదుల్లోనే చేయాలి. ఎలకని ఫొటోకి తీసుకెళ్లడం కూడా మూసిన పెట్టెలోనే. అతికించిన దీపం సాధారణంగా వైరస్‌ని నీరసపరుస్తుంది గానీ బలపరచదు, ఆటో మీద బస్తా కథే. అయినా నీరసపడిందిలే అని ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు.

ఈ పనిలోకి రావాలంటే ఏం చదవాలి? ఒడియా మీడియం పిల్లలు రాగలరా?

నేను ఒడియా మీడియమే. పదో తరగతి దాకా లూసిఫెరేజ్ మాట కూడా వినలేదు. లైఫ్ సైన్సెస్, మైక్రోబయాలజీ, వెటర్నరీ, ఏ దారినైనా రావచ్చు. ఎలకల్ని పట్టుకోవడం నేర్పిస్తారు. ఫొటోల్లోని అంకెల్ని నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి స్టాటిస్టిక్స్ కావాలి, దాన్ని మాత్రం డిగ్రీలో ఉండగానే గట్టిగా పట్టుకోండి, నేను ఆలస్యంగా నేర్చుకుని అవస్థ పడ్డాను. ఇంగ్లీషు మెల్లగా వస్తుంది, ఎవరూ తినేయరు.

మా పెరట్లో మిణుగురులు తగ్గిపోయాయి, మీ ల్యాబ్ వాళ్లే పట్టుకుపోయారట కదా?

ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ మా వీధంతా తిరిగింది. ఒకప్పుడు అమెరికాలో ఓ రసాయనాల కంపెనీ డబ్బులిచ్చి మిణుగురుల్ని పట్టించిన మాట నిజమే. ఇప్పుడు జీన్ చేతిలో ఉంది, ఎంజైమ్ బాక్టీరియాలో తయారవుతుంది, లూసిఫెరిన్ ఫ్యాక్టరీలో చేస్తారు, మాకు ఒక్క పురుగు కూడా అక్కర్లేదు. మిణుగురులు తగ్గడానికి వీధిలైట్లు, పురుగుమందులు, పూడ్చేసిన చెరువులు కారణం. వీధిలైట్ల వెలుగులో అవి ఒకదాన్నొకటి పోల్చుకోలేవు, జంట దొరకదు.

మొన్న తొలకరికి ఇంటికొచ్చినప్పుడు రాత్రి కరెంటు పోయింది. పెరట్లో జామచెట్టు దగ్గర మూడు కనిపించాయి, చాలా రోజుల తర్వాత. అమ్మమ్మ గడప మీద కూర్చుని వాటినే చూస్తూ, "ఇవి మీ ల్యాబువేనేటే?" అంది.